కన్వీనర్ సీటా, బి కేటగిరీయా, డిగ్రీయా: ‘మీ ఇష్టం నాన్నా’ అనే అబ్బాయి తండ్రికి జవాబు

మీ ప్రశ్న పెద్దది కాబట్టి చదివేవాళ్ల కోసం ముందు ముక్కలో చెప్పేస్తాను. ఉప్పల్‌లో ఉంటారు, ప్రైవేటు ఉద్యోగం. అబ్బాయి రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఇంటర్‌లో మార్కులు బాగానే వచ్చాయి గానీ ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ర్యాంకు 46 వేలు దాటింది. పేరున్న కాలేజీలో కన్వీనర్ కోటా కింద, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేలా లేదు. ఒక కన్సల్టెంట్ బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటు ఇప్పిస్తానంటున్నాడు, నాలుగేళ్లకు అన్నీ కలిపి 12 లక్షల దాకా లెక్క తేలుతోంది. అప్పు చేయాలా, వచ్చిన బ్రాంచితో సర్దుకోవాలా, డిగ్రీలో చేర్చాలా అన్నది మొదటి ప్రశ్న. చదువయ్యాక ఉద్యోగానికి పనికొచ్చేలా ఇప్పట్నుంచి ఏం నేర్పించాలన్నది రెండోది. ల్యాప్‌టాప్ ఏది కొనాలన్నది మూడోది. చివర్లో ఇంకో మాట రాశారు: ‘వాణ్ని అడిగితే మీ ఇష్టం నాన్నా అంటాడు’ అని.

నేను చాలా ఏళ్లు ఇంటర్‌కు లెక్కలు చెప్పాను. తర్వాత నగర శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ల పని చూస్తున్నాను. అంటే ఇంటర్‌లో చేరే పిల్లల్నీ చూశాను, ఇంజినీరింగ్ ముగించి ఇంటర్వ్యూకి కూర్చునే పిల్లల్నీ చూస్తున్నాను. మీరు అడిగినవాటి అన్నిట్లోకీ నన్ను ఆపింది ఆ చివరి మాటే. సీటు సంగతి తప్పకుండా చెప్తాను గానీ ముందు దాని గురించి.

మీవాడికి ఇష్టాలు లేవని కాదు. రెండేళ్లుగా ఎవరూ అడగలేదు, అంతే. రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తెల్లారుజామున అయిదింటికి లేపేది వార్డెన్. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో చెప్పేది స్టడీ అవర్. వీకెండ్ టెస్టులో ఎక్కడ తప్పాడో చెప్పేది లెక్చరర్. బట్టలు ఉతికేది వేరొకరు, ఫీజు కట్టేది మీరు, ఔటింగ్ ఎప్పుడో నిర్ణయించేది ప్రిన్సిపాల్. పద్దెనిమిదేళ్ల మనిషికి తన రోజులో తను నిర్ణయించుకున్నదంటూ ఏమీ లేదు. అలాంటివాణ్ని పిలిచి ‘నాలుగేళ్లు ఏం చదువుతావు, ఏ ఉద్యోగం చేస్తావు’ అని ఒకేసారి అడిగితే మీ ఇష్టం అనక ఇంకేమంటాడు?

ఇదే పిల్లవాడు ఇంకొన్ని వారాల్లో బీటెక్‌లోనో డిగ్రీలోనో కూర్చుంటాడు. అక్కడ ఎవరూ లేపరు. క్లాసు ఎగ్గొడితే ఇంటికి ఫోన్ రాదు, వచ్చినా నెలాఖరుకి ఒక మెసేజ్ వస్తుంది. ఇంటర్‌లో 950 పైన తెచ్చుకున్న పిల్లలు ఫస్ట్ సెమిస్టర్‌లో లెక్కలు తప్పడం మాకు కొత్త కాదు. లెక్కలు రాక తప్పినవాళ్లు తక్కువే. పరీక్షకు ఇంకా నెల ఉందనగా ఎవరో ఒకరు చెప్తేగానీ పుస్తకం తెరవకూడదన్నట్టు కూర్చున్నవాళ్లు ఎక్కువ.

అందుకని మీ దగ్గరున్న ఈ ఖాళీ వారాలు కోచింగ్‌లతో నింపకండి. చాలామంది పైథాన్ కోర్సో, స్పోకెన్ ఇంగ్లిషో కట్టించేస్తారు. అది కూడా మళ్లీ ఇంకొకరు గంట కొడితే వెళ్లి కూర్చునే పనే. దాని బదులు కౌన్సెలింగ్ మొత్తం వాడి చేత చేయించండి. ఇంతకంటే మంచి ట్రైనింగ్ నాకు తెలిసి లేదు. ఫీజు లేదు, నిజమైన పని, గడువులున్న పని, తప్పితే ఇబ్బందిపడే పని.

కౌన్సెలింగ్ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ వైపు ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి కాసేపు నిలబడండి. చుట్టాలబ్బాయి రాసిచ్చిన కాలేజీ కోడ్‌ల కాగితం తండ్రి చేతిలో ఉంటుంది. సెంటర్ కుర్రాడు ఆ కోడ్‌లు టకటకా కొట్టేస్తుంటాడు. చదవబోయే పిల్లో పిల్లాడో వెనక నిలబడి ఫోన్ చూసుకుంటుంటారు. ఓటీపీ వచ్చినప్పుడు మాత్రం నంబరు చదివి వినిపిస్తారు. నాలుగేళ్ల జీవితాన్ని నిర్ణయించే ఆ అరగంటలో వాళ్ల వాటా ఆరంకెలు.

ఆ కాగితం ఈసారి మీవాడి చేత రాయించండి. ఎలాగంటే, సాంకేతిక విద్యాశాఖ కౌన్సెలింగ్ సైట్‌లో గత ఏళ్ల లాస్ట్ ర్యాంకులు ఉంటాయి. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి సీటు ఎంత ర్యాంకుకు వెళ్లిందో అందులో చూడొచ్చు. అమ్మాయిలకీ అబ్బాయిలకీ అంకె వేరేగా ఉంటుంది. మీ కేటగిరీ కాలమ్ పట్టుకుని 30 వేల నుంచి 70 వేల దాకా వచ్చినవన్నీ వాణ్నే ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టమనండి. 46 వేలకు ముందున్నవి కూడా ఎందుకంటే, ఆప్షన్ పెట్టినంత మాత్రాన పోయేదేమీ లేదు. సిస్టం మీరిచ్చిన వరుసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటు ఇస్తుంది. ‘ఎలాగూ రాదు కదా’ అని నచ్చినదాన్ని కింద పెట్టి, వచ్చేదాన్ని పైన పెట్టేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లకు పైన పెట్టిందే వస్తుంది. ఇంకొందరు పది ఆప్షన్లతో ఆపేసి సీటే రాకుండా కూర్చుంటారు. యాభై అరవై పెట్టినా నష్టం లేదు, కానీ వచ్చినా చేరము అనుకునే కాలేజీ ఒక్కటి కూడా పెట్టొద్దు.

సీటు వచ్చాక ట్యూషన్ ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే సీటు తీసుకుంటున్నట్టు మనమే నమోదు చేసుకోవాలి. గడువులోగా చేయకపోతే సీటు రద్దు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి ఇంకో సీటు వస్తే, మొదటిది ఆటోమేటిగ్గా వేరొకరికి పోతుంది. ‘అదీ ఇదీ చూసి తేల్చుకుందాం’ అన్నది కుదరదు. మొదటి విడతలో వచ్చినదానికంటే నిజంగా మేలనుకున్నవే రెండో విడతలో పెట్టాలి. ఇవన్నీ నోటిఫికేషన్‌లో ఉంటాయి. మీరు చదివి వాడికి చెప్పకండి, వాడు చదివి మీకు చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రం ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నది అడుగుతారు. మీసేవకు కూడా వాణ్నే పంపండి. క్యూలో నిలబడి, ఫాంలో ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పుపడితే కౌంటర్‌లో మాట్లాడి సరిచేయించుకుని రానివ్వండి.

ఇక కాలేజీ చూడ్డం. షీట్‌లోంచి అయిదారు కాలేజీలు ఏరుకుని, క్లాసులు జరిగే రోజున బస్సులో వెళ్లి రమ్మనండి. మీరు కారులో తీసుకెళ్లకండి, వెళితే మిమ్మల్ని నేరుగా అడ్మిషన్ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోబెడతారు. ఒక్కడే ఓ స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వెళితే గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లలు దొరుకుతారు. ‘డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్తారన్నా, సెమిస్టర్ మధ్యలో సార్లు మారిపోతారా, ల్యాబులో సిస్టమ్స్ పనిచేస్తాయా’ అని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ముఖ్యంగా సార్లు మారడం గురించి అడగమనండి. కొన్నేళ్లుగా మన దగ్గర కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి. సెక్షన్లు పెరిగినంత తొందరగా పాఠం చెప్పగలిగేవాళ్లు దొరకరు.

హోర్డింగ్‌లు నమ్మొద్దని మీకూ తెలుసు. నేను ఆ లెక్కలు తయారయ్యే గదిలోనే కూర్చుంటాను కాబట్టి ఏం అడగాలో చెప్తాను. హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది, దానితో మీకు పనిలేదు. ‘500 ఆఫర్లు’ అంటే 500 మంది కాదు, ఒకే అమ్మాయికి మూడొస్తే మూడూ లెక్కలో పడతాయి. ఈ బ్రాంచిలో ఎంతమంది చదివారు, అందులో ఎంతమందికి కనీసం ఒక్క ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్నవాడి జీతమెంత, ఈ మూడూ అడగండి. సూటిగా చెప్పే కాలేజీ ఉంటే, అంకె చిన్నదైనా సరే, మీ జాబితాలో పైకి తేవొచ్చు.

సీఎస్ఈయా వేరేదా అన్నదానికి నా అభిప్రాయం: నాసిరకం కాలేజీలో సీఎస్ఈ కంటే మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గానీ ఈఈఈ (ఎలక్ట్రికల్) గానీ నయం. సర్వీస్ కంపెనీలు, అంటే వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి, దాదాపు అన్ని బ్రాంచీలనూ తీసుకుంటాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు. ఈసీఈ వాళ్లకు హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలున్నాయి, ఈసీఐఎల్, బీడీఎల్, డీఆర్డీవో ల్యాబులూ ఉన్నాయి. అందరికీ వస్తాయని కాదు, తలుపైతే ఉంది. ఈఈఈ వాళ్లు విద్యుత్ సంస్థల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు, సివిల్ వాళ్లు ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టులకు రాసుకోవచ్చు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని ఎదురుచూపు మాత్రం తప్పదు. సీఎస్ఈకి పక్కన ఏఐ అనీ డేటా సైన్స్ అనీ సైబర్ సెక్యూరిటీ అనీ తగిలించిన బ్రాంచీల గురించి ఎక్కువ ఆలోచించకండి. మొదటి రెండేళ్ల సిలబస్ చాలావరకు ఒకటే.

బి కేటగిరీ. డబ్బుల సంగతి కాబట్టి ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను. డొనేషన్ తీసుకోవడం 1983 నుంచీ మన చట్టంలో నిషేధమే. అందుకే దానికి రసీదుండదు. రసీదు లేదు కాబట్టి మధ్యలో మానేస్తే తిరిగి రాదు, బ్యాంకు లోన్‌లో చూపించడానికీ పనికిరాదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కన్వీనర్ కోటాలో చేరితే, మీరు బీసీయో ఈబీసీయో అయి పట్టణంలో ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉంటే వస్తుంది. 10 వేలు దాటిన ర్యాంకులకు సాధారణంగా ఏడాదికి 35 వేల వరకే ఇస్తారు, మిగిలింది మీరే కట్టుకోవాలి. అదీ సమయానికి విడుదల కాదు. కోర్సు అయ్యేటప్పటికి ప్రభుత్వం ఇవ్వాల్సింది బాకీ ఉంటే కాలేజీలు మీ మీద పడతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి, ఆపుకునేవాళ్లు ఆపుకుంటూనే ఉన్నారు. అన్నీ స్కాన్ చేసి డిజిలాకర్‌లోనూ, ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టుకోండి.

లోన్ లెక్క ఇలా వేసుకోండి. 10 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు 13,200 పైచిలుకు ఈఎంఐ. చదువుకునే నాలుగేళ్లూ, ఆ తర్వాత ఏడాదీ కట్టనక్కర్లేదంటారు గానీ వడ్డీ ఆగదు, కాబట్టి నిజంగా కట్టేది ఇంకా ఎక్కువ. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది, చేతికొచ్చేది నెలకు పాతికవేల లోపు. అందులో ఈఎంఐ పోను, మాదాపూర్‌లో షేరింగ్ హాస్టల్‌కు కట్టను, ఇంక మిగిలేదెంత? ఈ లెక్క కూడా వాడి ముందు కాగితం మీద వేయండి. ‘నీకెందుకురా డబ్బు సంగతి, నువ్వు చదువుకో’ అనే అలవాటు మన ఇళ్లలో ఉంది. ప్రేమతోనే అంటాం. కానీ ఇంత అప్పు ఎవరి చదువు కోసమో వాడికి తెలియకుండా చేయడం ఏం న్యాయం? లోన్ తప్పదనుకుంటే చదువు లోన్లకు ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేయండి. నాలుగు లక్షల దాకా మార్జిన్ (మన చేతినుంచి పెట్టాల్సిన వాటా) గానీ పూచీ ఆస్తి గానీ అడగరు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటుంది. మేనేజ్‌మెంట్ సీటంటే చాలా బ్రాంచిల్లో వెనకాడతారు, కన్సల్టెంట్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే బ్యాంకుకు వెళ్లి అడగండి.

మీ పరిస్థితిలో నేనైతే బి కేటగిరీ తీసుకోను. కన్వీనర్ కోటాలో కాస్త నిలకడైన కాలేజీలో ఏ బ్రాంచి వచ్చినా చూస్తాను, అది కూడా రాకపోతే డిగ్రీ వైపు వెళ్తాను.

డిగ్రీ అంటే మన దగ్గర ఏదో ఓడిపోయినట్టు చూస్తారు, ముఖ్యంగా ఎంపీసీ చదివిన అబ్బాయిల ఇళ్లలో. 2016లో దోస్త్ అనే డిగ్రీ అడ్మిషన్ల సైట్ వచ్చాక అంతా ఆన్‌లైన్‌లోనే, మొదటి విడత రిజిస్ట్రేషన్ 200 రూపాయలు. 1887 నాటి నిజాం కాలేజీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ కాంబినేషన్‌లో సీటొస్తే నేను కళ్లకద్దుకుని చేరమంటాను. స్టాటిస్టిక్స్ బాగా వచ్చిన పిల్లలు తక్కువ, అడిగే కంపెనీలు ఎక్కువ. డిగ్రీ తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ, సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ, జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ, ఇన్ని దారులున్నాయి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఇంటర్‌తోనే నడుపుతోంది, వాటికి సీయూఈటీ రాసి ఉండాలి. లెక్కలతో పాటు ఓపిక ఉన్న పిల్లలు సీఏ ఫౌండేషన్ వైపూ చూడొచ్చు, ఎంపీసీ వాళ్లూ రాయొచ్చని చాలామందికి తెలియదు. బీఫార్మసీకి కూడా ఎంపీసీ పనికొస్తుంది. బాలానగర్ ఐడీపీఎల్ రోజుల నుంచీ ఈ ఊరు మందుల ఊరే. ఇంట్లో పరిస్థితి బాగోక పనిచేస్తూ చదవాల్సి వస్తే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీగా ఇక్కడే మొదలైంది, దాని డిగ్రీతో గ్రూప్స్ రాసినవాళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో ఎప్పుడు చూసినా కనిపిస్తారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఉద్యోగానికి తయారుచేయడం.

మా కాలేజీలో ఒక ఇంటర్వ్యూ చెప్తాను. అబ్బాయి రెజ్యూమెలో ఫైనలియర్ ప్రాజెక్టు ‘మెషిన్ లెర్నింగ్‌తో పంట దిగుబడి అంచనా’. అది అమీర్‌పేటలో కొన్నదని నాకూ తెలుసు, ఇంటర్వ్యూ చేసేవాడికీ తెలుసు, అలాంటివి రోజూ నాలుగు చూస్తాడు. మెషిన్ లెర్నింగ్ జోలికే పోలేదతను. ‘ఏ పంట? ఏ జిల్లా? ఎకరానికి మామూలుగా ఎంతొస్తుంది?’ అని అడిగాడు. అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. బయటికొచ్చాక నేను అడిగితే తెలిసింది, వాళ్ల నాన్న నాగర్‌కర్నూల్ దగ్గర పత్తి వేస్తాడట. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లో, గులాబీ పురుగు పడితే ఎంత తగ్గుతుందో నాకు గడగడా చెప్పాడు. ‘మరి లోపల చెప్పలేదేంరా’ అంటే ‘అది సబ్జెక్ట్ కాదు కదా సార్’ అన్నాడు.

అదే ఏడాది సివిల్ బ్రాంచి అమ్మాయి ఒకతి, మార్కులు మామూలే. వాళ్లది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల బిల్లు దగ్గర అసోసియేషన్‌లో గొడవలవుతుంటే, రోజుకి ఎన్ని ట్యాంకర్లొచ్చాయి, ఏ ఫ్లాటుకి ఎంత పడుతుంది అని ఒక షీట్ తయారుచేసింది. ఖాళీగా ఉన్న ఫ్లాటుకి వాటా వేయాలా వద్దా అన్నదాని మీద పెద్దవాళ్లతో వాదించి ఒక పద్ధతి ఒప్పించింది. రెజ్యూమెలో చివర ఒక్క లైను రాసుకుంది, అదీ నేను రాయమంటే. ఇంటర్వ్యూ చేసేవాడిది కూడా ట్యాంకర్ల కాలనీయేనట, ఇరవై నిమిషాలు దాని మీదే అడిగాడు. ఇంగ్లిష్ తడబడుతూనే మాట్లాడింది. ఉద్యోగం వచ్చింది.

కాబట్టి మీవాడికి నేను చెప్పే ప్రాజెక్టు ఇదే: చుట్టూ ఉన్న ఒక చిన్న పనిని పట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా తనే చేయడం. పెదనాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కావొచ్చు, కాలనీ వినాయక మండపం చందాల లెక్క కావొచ్చు. పైథాన్ ఆ తర్వాత దానంతటదే అవసరమై నేర్చుకుంటాడు. డబ్బులు కట్టించుకుని ఇచ్చే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు కొనొద్దు. మా టేబుల్ మీద అవి రోజుకో కట్ట పడతాయి, చూసేవాళ్లు పేజీ తిప్పేస్తారు.

ఇంగ్లిష్ గురించి అందరికీ టెన్షనే. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లలే నాలుగు వాక్యాలు చెప్పలేక ఆగిపోతున్నారు. నేను చూసినంతలో సగం మందికి అడ్డు ఇంగ్లిష్ కాదు, చెప్పాల్సిన విషయాన్ని వరుసలో పెట్టడం. ముందు తెలుగులో చేయించండి. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు చూసిన కాలేజీ గురించి అయిదు నిమిషాలు చెప్పమనండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి, ఇది మనకు కష్టమైన పని. తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగాక అదే సంగతి ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డు చేసుకుని తనే వినాలి. రోజూ చేస్తే ఫస్టియర్ అయ్యేలోగా తేడా మీకే తెలుస్తుంది.

కాలేజీలో చేరాక రెండు నిబంధనలు మాత్రం మొదటి రోజే చెప్పండి. హాజరు 75 శాతం ఉండాలి. జేఎన్టీయూ కాలేజీల్లో 65 దాటితే కారణం చూపి ఫీజు కట్టి బయటపడొచ్చు, దానికి దిగువన ఉంటే డిటెయిన్ చేస్తారు, అంటే జూనియర్లతో కూర్చోవాలి. రెండోది, చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం, సప్లీలు (తప్పిన సబ్జెక్టులు) ఏవీ మిగిలి ఉండకూడదు అని పెడతాయి. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ వెయిటేజీ తీసేశారు గానీ కంపెనీలు ఇంటర్ మార్కులు చూస్తూనే ఉన్నాయి, మీవాడికి అది కలిసొచ్చే విషయం.

డబ్బు విషయంలో ఒక పద్ధతి చెప్తాను. నెల ఖర్చు ఒకటో తారీఖున మొత్తం ఒకేసారి వాడి ఖాతాలో వేయండి. మొదటి నెల ఇరయ్యో తారీఖుకే అయిపోతుంది. అప్పుడు వెంటనే పంపకండి, బస్‌పాస్ ఉంది, ఇంట్లో అన్నం ఉంది, పది రోజులు గడుస్తాయి. మూడో నెలకు సర్దుకుంటాడు. ఇంట్లో ఉండి చదివేవాడికైనా సరే, హాస్టల్లో ఉండేవాడికైనా సరే ఇదే.

ఇందులోనే భాగంగా ఇంకో జాగ్రత్త, ఇది ఈమధ్య ఎక్కువైంది. ‘నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, లావాదేవీకి ఇంత కమీషన్’ అని సీనియర్లో, టెలిగ్రాంలో ఎవరో అడుగుతారు. పిల్లలు అమాయకంగా ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తారు. ఆ ఖాతాలోంచి సైబర్ మోసం డబ్బు తిరుగుతుంది, పోలీసులు వచ్చేది ఖాతా పేరున్నవాడి దగ్గరికి. బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్‌లు సరేసరి. ఏదైనా జరిగితే దాచిపెట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పి ఉంచండి, అంతకంటే ముందు మీకు చెప్పగలిగేలా మీరుండండి. నాలుగో ఏడాదిలో ‘బ్యాక్‌డోర్ జాబ్, రెండు లక్షలు డిపాజిట్’ అని మాదాపూర్ నుంచి ఫోన్లొస్తాయి. ఉద్యోగం ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మనం వాడికివ్వడమేమిటి?

ర్యాగింగ్ జరిగితే 1800-180-5522. సప్లీ వచ్చిందనో, స్నేహితులు లేరనో, ఏ కారణం లేకుండానో వాడు బాగా ముభావంగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఫలితాల రోజుల్లో మన రాష్ట్రంలో ఏం జరుగుతుందో పేపర్లో చూస్తూనే ఉన్నాం కాబట్టి ఈ నంబరు వాడి ఫోన్‌లో, మీ ఫోన్‌లో రెండింట్లోనూ సేవ్ చేయండి.

‘మీ ఇష్టం నాన్నా’ అని మళ్లీ అంటే మాత్రం కోప్పడకండి. ‘సరే, నా ఇష్టం చెప్తా, నీ షీట్ చూపించు’ అనండి. షీట్ తయారుచేసినవాడికి అందులో ఏదో ఒకటి నచ్చే ఉంటుంది. మీరు వేరేది పైన పెట్టబోతే అప్పుడు నోరు విప్పుతాడు. విప్పినప్పుడు, ఆర్థికంగా మరీ అసాధ్యమైతే తప్ప, వాడు చెప్పిన వరుసే ఉంచండి. ఈఈఈ కావాలని వాడు అడిగి చేరితే, మీరు కొనిచ్చిన సీఎస్ఈ కంటే బాగా చదువుతాడని నా నమ్మకం.

ల్యాప్‌టాప్: ఇప్పుడే కొనకండి. కౌన్సెలింగ్ ముందు కొని ఈఎంఐ కట్టే బదులు, ఫస్ట్ సెమిస్టర్ ల్యాబు కంప్యూటర్లతో నడిపించొచ్చు. బ్రాంచి ఖాయమయ్యాక, సీనియర్లను అడిగి కొనండి. సీఎస్ఈ, ఈసీఈలకు ఐ5 గానీ రైజెన్ 5 గానీ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతుంది. 8 జీబీది తీసుకుంటే తర్వాత పెంచుకునే వీలుందో లేదో చూసుకోండి, కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ మోడల్ అవసరం లేదు, బరువు ఎక్కువ, ఛార్జింగ్ నిలవదు, ఎందుకడుగుతున్నాడో మీకూ తెలుసు. ఆన్‌లైన్ ధర చూసుకుని కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగితే బేరం కుదురుతుంది. ఆ బేరం కూడా వాణ్నే చేయనివ్వండి, మీరు పక్కన నిలబడండి చాలు.